రెండు తేదీల చెరుకు

హనోకు గురించి మా ఆఫీసులో ఎవరినైనా అడగండి, చేతిలోని మంచి నౌకరీని చెడగొట్టుకున్న పిచ్చోడంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎనిమిదేళ్లు అతని పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని. జరిగింది జరిగినట్టు చెప్తాను.

హనోకు బోధన్ అవతలి ఊరివాడు. తండ్రి ఎర్రయ్య చెరుకు నరికే కూలీ. ఇంట్లో అందరూ మెథడిస్టు చర్చికి పోయేవాళ్లు. నిజామాబాద్ బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్లో సి భాష నేర్చుకుని, తొంభై అయిదులో మా చక్కెర ఫ్యాక్టరీలో చేరాడు. ఫ్యాక్టరీ పేరు చెప్పను. నేను అప్పటికే అక్కడ రైతుల రిజిస్టర్లు టైపు చేసే సుమిత్రమ్మను.

అంతకుముందు ఎవరి తోట ఎప్పుడు నరకాలో ఆఫీసర్ల ఇష్టం. సలాం కొట్టినవాడికి ముందు, కొట్టనివాడికి ఎండాకాలంలో. హనోకు ఒక ప్రోగ్రాం రాశాడు. ఏ తోట ముందు ముదిరితే దానికే ముందు కటింగ్ ఆర్డరు. మొదటి జాబితా గేటు మీద అంటించిన రోజు ఎర్రయ్య వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చదువు రాదు పాపం. కొడుకు రాసిందని చూడటానికే వచ్చాడు.

ప్రతి సీజనుకు ముందు హనోకు ఒకే ఊరి రిజిస్టరును ప్రోగ్రాంకు ఇచ్చేవాడు. వచ్చిన జాబితా మీద పైనుంచి కిందికి వేలు పెట్టి చూసి, "మంచిగనే ఉన్నదక్కా" అనేవాడు. అదే పరీక్ష. ఏడేళ్లు అట్లాగే గడిచిపోయాయి.

రెండువేల రెండు వేసవిలో గొడవైంది. పద్నాలుగు మంది రైతులు ఆఫీసు మీదికొచ్చారు. ముందు గంగుబాయి. డెబ్బై ఏళ్ల మనిషి, మగవాళ్లు కూడా ఆమె మాట దాటరు. డిసెంబరులో నరకాల్సిన ఆమె తోటకు మార్చి చివర ఆర్డరు పోయింది. అప్పటికి చెరుకు పూతకొచ్చి, లోపల బెండయిపోయింది. ఆ పద్నాలుగు తోటలూ బాలన్న చూసే ఊళ్లవే. బాలన్న మా ఫీల్డుమన్, తోటలు తిరిగి నరికిన తేదీలు రిజిస్టరులో రాసేవాడు. లంచం తిని వరస మార్చాడని అందరూ అతని మీద పడ్డారు.

విచారణలో మేనేజరు హనోకును అడిగాడు, ప్రోగ్రాం తప్పు చెయ్యగలదా అని.

"ఏడేండ్ల సంది నడుస్తున్నది సార్. తప్పు రానే రాదు" అని హనోకు సంతకం పెట్టాడు.

బాలన్న ఒకటే మాటన్నాడు. "నేను తోటల ఏముందో గదే రాసిన." ఆ రిజిస్టరు తెరిచి చూసినవాడు లేడు. బాలన్నను తీసేశారు. నిజామాబాద్ పసుపు మార్కెట్లో బస్తాలు మోయడానికి రోజూ బస్సెక్కి పోయేవాడు.

మరుసటి ఏడు మా సెక్షనుకు రాజేశ్వర్ అనే ఇంజనీరు వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సీడీ తెచ్చాడు. సి ప్రోగ్రాములకు యూనిట్ టెస్టులు రాసే ఫ్రేమ్‌వర్కట. ప్రోగ్రాంను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రశ్న వెయ్యాలి. దాని జవాబు మనమే ముందు రాసి పెట్టాలి. రెండూ కలవకపోతే తప్పని తెర మీద చూపిస్తుంది.

హనోకుకు కోపమొచ్చింది. "జవాబు ముందే రాసుడేంది సార్? రాసినోనికి తెల్వదా, నడుస్తదో లేదో?"

"నువ్వు జవాబు వచ్చినంక తల ఊపుతున్నవ్ హనోకు. గది పరీక్ష కాదు" అన్నాడు రాజేశ్వర్. "రోజూ వచ్చేటివే కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చే లెక్కలు గూడ వెతికి పెట్టు."

నెలరోజులు సణుగుతూనే రాశాడు. నలభై టెస్టులు రాస్తే నలభై నెగ్గాయి. అప్పుడతనికి పట్టుదల వచ్చింది. వింత లెక్కల కోసం బీరువాలోని పాత రిజిస్టర్లన్నీ దింపాడు. బాలన్న రిజిస్టరు అట్లా చేతికొచ్చింది.

మా వైపు ఒక పద్ధతుంది. తోట నరికేటప్పుడు మంచి రైతు చారెడు నేలలో చెరుకు నరక్కుండా ఉంచుతాడు. దాన్ని మార్చిలో నరికి ఇరుగుపొరుగుకు విత్తనంగా పంచుతాడు. మొదళ్ల నుంచి మళ్లీ వచ్చే పిలక తోటకు వయసు నరికిన రోజు నుంచే లెక్క. కాబట్టి అట్లాంటి తోటకు రెండు తేదీలుంటాయి, ఆర్డరుకు లెక్క మాత్రం పెద్ద ముక్క తేదీయే. మిగతా ఫీల్డుమన్లు ఒకటే రాసి చేతులు దులుపుకునేవాళ్లు. బాలన్న మాత్రం గొడవకు ముందు ఏడు నుంచి రెండూ రాశాడు. గుండ్రటి అక్షరాలతో: గంగుబాయి, పెద్ద ముక్క, డిసెంబరు పన్నెండు. గంగుబాయి, విత్తనం ముక్క, మార్చి ఎనిమిది. ఆ రెండు వరసలూ కంప్యూటర్లో టైపు చేసింది నేనే. టైపు చేశానే గాని ఆలోచించలేదు.

హనోకు ఆ రెండు తేదీలతో కొత్త టెస్టు రాశాడు. తోట వయసు ఏ రోజు నుంచన్నదానికి రావాల్సిన జవాబు డిసెంబరు పన్నెండని ముందే పెట్టాడు. నడిపించాడు. నలభై నెగ్గాయి, ఒకటి ఓడింది. రావాల్సింది డిసెంబరు పన్నెండు, వచ్చింది మార్చి ఎనిమిది అని తెర మీద పడింది.

ప్రోగ్రాం రెండో తేదీ రాగానే మొదటిదాన్ని చెరిపేసేది. విత్తనం పంచిన పుణ్యానికి ఆ రైతుల తోటలన్నీ మూడు నెలలు వెనక్కి పోయాయి. హనోకు మొహం చూడలేకపోయాను. "బాలన్న నౌకరి నేనే తీసిన అక్కా" అన్నాడు.

దాన్ని దిద్దడానికి ప్రోగ్రాంలో రెండు వరసలు మారిస్తే చాలు. రాజేశ్వర్ దిద్దేసి ఊరుకోమన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ అదే అన్నాను. "ఇద్దరు పిల్లలున్నరు తమ్మీ, నోరు మూసుకో" అన్నాను. హనోకు వినలేదు. ఓడిన టెస్టును ప్రింటు తీసి, తన సంతకం తప్పని అర్జీ రాసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. బాలన్నను మళ్లీ పిలవమని ఆర్డరైంది. హనోకును కంప్యూటర్ సెక్షను నుంచి తీసి, బండ్లు తూకం వేసే కాటా దగ్గరికి పంపారు.

ఆర్డరు కాగితం పట్టుకుని ఇద్దరం పసుపు మార్కెట్‌కు పోయాం. బాలన్న బస్తా దించి, ఒంటి మీది పసుపు దులుపుకుని మొత్తం విన్నాడు. కాగితం తీసుకోలేదు.

"నౌకరి సంగతి తర్వాత హనోకు. ముందుగాల మా ఊరికొచ్చి నలుగుర్ల చెప్పు. గంగుబాయవ్వ ముంగట చెప్పు."

ఆ ఆదివారం చర్చి అయ్యాక పోయాం. గంగుబాయి వాకిట్లో పాతిక మంది దాకా కూడారు. హనోకు ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు.

"అవ్వా, తప్పు నాది. బాలన్న ఉన్నదున్నట్టు రాసిండు. నా ప్రోగ్రాం మొదటి తేదీని తుడిచేసింది. సక్కగ సూడకుంటనే తప్పు రాదని సంతకం పెట్టిన. అన్న పైస ముట్టలేదు."

చెప్పు తీసుకుని కొడుతుందేమోనని భయపడ్డాను. గంగుబాయి అతని వైపు చూడనే లేదు. వెనకాల నిలబడ్డ బాలన్న దగ్గరికి నడిచింది.

"బాలన్నా, మొన్న వానల్ల మీ అవ్వ సచ్చిపోతే ఊరోళ్లను ఆపింది నేనే. లంచం తిన్నోని ఇంటికి ఎవ్వలు పోవద్దన్న. పాడె మొయ్య నలుగురు దొరకక బండి మీద తీస్కపోయినవట గదా."

"అవునవ్వా" అన్నాడు బాలన్న.

ఆమె అప్పుడు హనోకు వైపు తిరిగింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నీ తప్పు నువ్వు దిద్దుకున్నవ్ బిడ్డా. మరి నాదెట్ల దిద్దుకోవాలె, చెప్పు."