మిట్ట మూసేశాక

మా బావగారితో, అంటే మా ఆయన అన్నతో, నాకు మాటల్లేవు. కలుపుకోవాలని కూడా లేదు.

మాది చిట్టమూరు వైపు ఒక పల్లె. మా ఆయన వాటా పొలం ఆయన జబ్బుకే పోయింది. ఆయనా పోయాక నాకు మిగిలింది రెండు గేదెలు. ఊరికి పడమర ఉన్న ప్రభుత్వ మిట్ట మీదే అవి మేసేవి.

వాన నీరు పారిపోకుండా ఆపాలని ఆ మిట్టంతా వాటర్‌షెడ్ పని పెట్టారు. అడ్డంగా కందకాలు తవ్వారు, కింద వాగుకు చెక్‌డ్యామ్ కట్టారు. మట్టి మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. పని అయ్యాక, గడ్డీ మొక్కలూ నిలదొక్కుకునే దాకా పశువులు మిట్ట ఎక్కకూడదని కమిటీ తీర్మానించింది. కమిటీ పెద్ద మా బావగారే. మీటింగులో లేచి అడిగాను.

"గొడ్లను యాడికి తోలుకోవాల బావా?"

"కట్టేసి మేపుకో. అందురూ అట్నే చేస్తా ఉండారు."

"అందురికీ చేలుండాయి, గట్లుండాయి. నాకేముంది?"

ఆయన నా వైపు చూడలేదు. "ఒకరి కోసం ఊరు ఆగదు" అని పక్కాయనతో అన్నాడు.

ఒకరోజు పొద్దున పాలిచ్చే గేదె పలుపు తెంపుకుని మిట్ట ఎక్కింది. ఆయనే స్వయంగా దాన్ని తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాడు. నాకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. ఇంటి దగ్గర దూడ ఒకటే అరుపు. దొడ్డి దగ్గరికి పరుగెత్తితే, గేదె పొదుగు రాయిలా బిగిసి, పాలు చుక్కలుగా నేల మీద కారుతున్నాయి. బావగారు దొడ్డి ముందే ఉన్నాడు.

"దూడ అల్లాడిపోతా ఉంది. ముందు పాలన్నా తాపనీ బావా."

"తప్పు డబ్బు కట్టి తోలుకపో. రూలు అందురికీ ఒకటే."

రాయి తీసుకుని తాళం పగలగొట్టాను. ఆయన అడ్డం వచ్చాడు. "నీ తమ్ముడు బతికుంటే ఇట్టా చేసుంటావా?" అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. గేదెను తోలుకుని ఇంటికొచ్చేశాను.

పథకం చెడ్డదని చెప్పను. మా వీధి బోరింగులో ఎండాకాలం కూడా నీళ్ళొస్తున్నాయి. కానీ ఆ నీళ్ళతో రెండో పంట వేసింది బావులున్న వాళ్ళు. మా బావగారి బావి నిండుగా ఉంది. నేను మాత్రం మేపలేక ఒక గేదెను అమ్ముకున్నాను.

మొన్న వేసవిలో తోడికోడలు మా వాకిట్లోకి వచ్చింది. మిట్ట మీద గడ్డి నడుం ఎత్తు పెరిగిందట.

"మీ బావ కోసుకోమన్నాడు మే."

"ఆ మాట ఆ పొద్దు మీటింగులో అనాల్సింది అక్కా."

ఆమె వెళ్ళిపోయింది. మర్నాడు కొడవలి తీసుకుని రోడ్డు పక్క కాలవ దగ్గరికి పోయాను. అక్కడ గడ్డి ముతక, గేదె సగం వదిలేస్తుంది. అయినా అదే కోసుకొస్తున్నాను.