మెరుగు పెట్టొద్దన్న ఎక్‌హార్ట్

మా ఆయన ఎక్‌హార్ట్ పోయి ఈ చలికాలానికి ఏడాది. జర్మనీలోని ల్యూడెన్‌షైడ్‌లో బొత్తాలూ పతకాలూ చేసే పనిశాలలో నలభై ఏళ్ళు అచ్చులు చెక్కాడు. రిటైరయ్యాక శనివారం పూట మా వంటింటి బల్లే ఆయన పనిశాల. తాత పతకమో, మామ పతకమో జేబురుమాల్లో చుట్టుకుని ఎవరో ఒకరు వచ్చేవారు. రుమాలు విప్పకముందే ఆయన అడిగేది ఒకటే.

"మెరుగు పెట్టలేదు కదా?"

పెట్టామంటే మొహం వేలాడేసేవాడు. పట్టిన నలుపుతో పాటు దాని వయసు కూడా తుడిచేశారనేవాడు. ధర మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఒక సెప్టెంబరులో పక్కింటి రోస్‌విటా గారు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చేతిలో వాళ్ళ నాన్న ఇనుప శిలువ, మొదటి ప్రపంచ యుద్ధంలో ధైర్యానికి సైన్యం ఇచ్చిన పతకమని వాళ్ళింట్లో చెప్పుకునేవారు.

"మా తమ్ముడు నవ్వుతున్నాడండీ. నాన్నకి ఎవరూ ఇవ్వలేదట, కొనుక్కుని గొప్పలు పోయాడట. నిజం చెప్పండి, నాన్న అబద్ధాలకోరా?"

ఎక్‌హార్ట్ అయస్కాంతం ఆనించాడు. అంటుకోలేదు. సైన్యం ఇచ్చినదైతే వెండి అంచు మధ్యలో ఇనుము ఉంటుంది. తర్వాత రిబ్బను దూర్చే రింగును భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు.

"ఈ ముద్ర మన ఊరి పనిశాలదే. కానీ వాళ్ళు పని మొదలుపెట్టిందే పంతొమ్మిది వందల ముప్ఫై రెండులో. యుద్ధం పద్దెనిమిదిలోనే అయిపోయింది కదండీ."

ఆమె నేను పెట్టిన ప్లమ్ కేకు ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఎక్‌హార్ట్ కిటికీ దగ్గరే కూర్చున్నాడు.

"వాల్ట్‌రౌట్, అబద్ధం చెప్పాల్సిందంటావా?"

"నీకు చేతనైతేగా," అన్నాను గిన్నెలు తుడుస్తూ. "అయినా మా నాన్నకి రెండుండేవి. ఊరేగింపులో వానకి తడిసి తుప్పు పడుతుందని, పెట్టుకోవడానికి కొట్లో ఇంకొకటి కొన్నాడు. అసలుది అమ్మ బొత్తాల డబ్బాలో దాచింది."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. "నలభై ఏళ్ళు పతకాలు చేశాను. ఇచ్చినది దాచుకుని, పెట్టుకోవడానికి ఇంకొకటి కొనుక్కుంటారని నాకు తెలియదా! ఇంకొకటి ఉందా అని అడగాల్సింది, అదే మరిచాను. గాడిదని!"

"ఇప్పుడైనా వెళ్ళు, గాడిదా."

ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. రోస్‌విటా గారి అటకా, బీరువా, కుట్టుపెట్టె అన్నీ వెతికాం. చివరికి వాళ్ళ అమ్మ ప్రార్థన పుస్తకాలున్న అట్టపెట్టె అడుగున, ఊలు మేజోడులో దొరికింది. అంచు నల్లబడింది, మధ్యలో తుప్పు. అయస్కాంతం టక్కున పట్టుకుంది. రింగు మీద ముద్ర చూసి ఎక్‌హార్ట్ గట్టిగా అన్నాడు:

"బెర్లిన్‌లో చేసినది. ఈ ముద్రవాళ్ళు యుద్ధం నడుస్తుండగానే సైన్యానికి పతకాలు పంపేవాళ్ళు. మీ నాన్న దీన్ని వాన నుంచి కాపాడుకున్నాడమ్మా, అంతే!"

రోస్‌విటా గారు తమ్ముడికి ఫోను చేసి ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. "నాన్న సమాధి ముందు తలకిందులుగా నిలబడి క్షమాపణ అడుగు, సన్నాసీ!" అన్న మాట మాకూ వినబడింది.

పోయిన చలికాలం ఎక్‌హార్ట్‌ను మట్టిలో పెట్టిన రోజు ఆమె నా పక్కనే నిలబడింది. తిరిగొస్తూ దారిలో నా చెయ్యి పట్టుకుంది.

"మేజోడులోంచి తీశాను గానీ, మెరుగు పెట్టలేదమ్మా. తుప్పు అలాగే ఉంది."

ఆయన వింటే ఎంత సంతోషించేవాడో. భూతద్దం నా ఏప్రన్ జేబులో ఉంది. నేనూ దాన్ని తుడవలేదు. దాని పిడి మీద ఆయన బొటనవేలి మరక ఇంకా ఉంది.