అన్ని తాళాలూ ఉన్న మనిషి

ఆ పుస్తకం పేరెత్తితేనే గెర్లిండ క్లింక్‌కి ఒళ్లు మండేది. నీలం అట్ట, ఇటుకంత లావు. కంపెనీల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్‌ని దొంగల బారిన పడకుండా ఎలా కాపాడుకోవాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని ఫ్యాక్టరీలోకి తెచ్చింది కంప్యూటర్ల భద్రత చూడ్డానికి కొత్తగా చేరిన వీబ్కె హార్మ్స్ అనే ఉత్తరాది మనిషి. సముద్రం పక్కనుంచి వచ్చింది, మాట పొడి, నవ్వు తక్కువ. జర్మనీ దక్షిణాన ఉన్న మా స్వేబియా వాళ్లకి అటువైపు వాళ్లంటే ముందే కాస్త చిన్నచూపు. అలాంటిది, వస్తూనే కంప్యూటర్లో ఎవరికి ఏ అధికారం ఉండాలో తేలుస్తానని కూర్చుంటే ఎవరికి నచ్చుతుంది?

గెర్లిండకి అసలే నచ్చలేదు. నెకర్ నది ఒడ్డున నీటి పంపులు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆవిడ పదహారో ఏట పని నేర్చుకోవడానికి చేరింది. కొత్తగా చేరినవాళ్లని మా దగ్గర ఒకచోట కుదురుగా కూర్చోనివ్వరు. కొన్నాళ్లు కొనుగోళ్లలో, కొన్నాళ్లు గోదాములో, తర్వాత బిల్లుల దగ్గర, ఆ తర్వాత జీతాల దగ్గర, ఇలా ఫ్యాక్టరీ అంతా తిప్పుతారు. ఎక్కడికి వెళ్తే అక్కడి కంప్యూటర్ తలుపులు తెరిచిపెడతారు. వెళ్లేటప్పుడు వాటిని మూయాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. అలా తిరిగి తిరిగి గెర్లిండ శిక్షణ ముగించేసరికి యజమానికి లేని తాళాలు కూడా ఆవిడ గుప్పిట్లో చేరాయి. సర్వీసంతా అవి అక్కడే ఉండిపోయాయి.

అదే ఆవిడ గొప్ప. కొత్త సరఫరాదారు పేరు ఎక్కించాలన్నా గెర్లిండే, ఎక్కడో ఆగిపోయిన బిల్లు కదిలించాలన్నా గెర్లిండే, శుక్రవారం మధ్యాహ్నం అందరూ ఇళ్లకి పోయాక అర్జెంటుగా డబ్బు పంపాలన్నా గెర్లిండే. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఎదురుచూసే మనిషి లేరు. ఆఫీసులో మాత్రం పొద్దున్నే ఆవిడ బల్ల దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. నువ్వు లేకపోతే మా గతేం కాను అని ఒక్క మాట అంటే చాలు, తిండి కూడా మానేసి చేసిపెట్టేది పిచ్చిది.

వీబ్కె అందరినీ కూర్చోబెట్టి ఆ పుస్తకంలోంచి ఒక పేరా చదివింది. కంపెనీకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బయటి దొంగ వల్ల కాదట. అన్ని విభాగాలూ తిరిగి అన్ని అధికారాలూ పోగేసుకున్న పాత శిక్షణార్థి వల్లట. గదంతా గొల్లున నవ్వింది. తలలన్నీ ఒక్కసారి గెర్లిండ వైపు తిరిగాయి. పక్క బల్ల మార్గిట్, రోజూ వెన్న రాసిన బ్రెట్సెల్ రొట్టె సగం తుంచి పెట్టే స్నేహితురాలు, మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"ఏమే, నీ ఫొటో కూడా వేశారేమో చూడు."

గెర్లిండ కూడా నవ్వింది. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. మీటింగ్ అవగానే తిన్నగా వీబ్కె గదికి వెళ్లి నిలదీసింది.

"నన్ను దొంగ అంటున్నారా, ఫ్రౌ హార్మ్స్?"

"లేదండీ. రేపు ఇంకెవరూ మిమ్మల్ని ఆ మాట అనకూడదనే చెప్తున్నా. సరఫరాదారు బ్యాంకు నంబరు మార్చే చెయ్యీ, డబ్బు పంపే చెయ్యీ ఒకటే కాకూడదు. మధ్యలో రెండో మనిషి ఉంటే మీకే రక్ష. ఆ అధ్యాయం చిన్నదే, ఒక్కసారి చదవండి."

"మీ పుస్తకం అచ్చు కాకముందు నుంచీ నేనిక్కడ పని చేస్తున్నాను" అని గెర్లిండ బయటికొచ్చేసింది.

వచ్చి ఊరుకుందా? ఉద్యోగుల సంఘం గుమ్మం ఎక్కింది. మా దగ్గర ఒక ఉద్యోగి పని తీరు మార్చాలంటే ఆ సంఘం ఒప్పుకోవాలి. దాని పెద్ద యోర్గ్ ఆవిడతోపాటు పని నేర్చుకున్నవాడే. మన గెర్లిండనే అనుమానిస్తారా అని బల్ల గుద్దాడు. వీబ్కె ప్రతిపాదనని సరుకు లెక్కింపు అయ్యాక చూద్దామన్నాడు, అదయ్యాక ఈస్టర్ వెళ్లనీ అన్నాడు. వీబ్కె ఆ పుస్తకాన్ని గెర్లిండ బల్ల మీద పెట్టి వెళ్తే, ఈవిడ అట్ట కూడా తెరవకుండా ఆఫీసు టపాలో తిప్పి పంపింది. ఆ వారమంతా ఆవిడ కాళ్లు నేల మీద నిలవలేదు.

వేసవిలో నడుం నొప్పి పట్టి, వేడినీటి స్నానాల చికిత్సకని బ్లాక్ ఫారెస్ట్ వెళ్లింది. తను లేని రోజుల్లో పని చూసేది మార్గిట్. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ ఆఫీసులో అందరూ చేసేదే, అందులో వింతేమీ లేదు. తిరిగొచ్చాక పాస్‌వర్డ్ మార్చనూ లేదు. క్రిస్మస్ సెలవులకి మళ్లీ ఇవ్వాల్సిందే కదా అనుకుంది.

ఆకులు రాలే రోజుల్లో పోత ఇనుము పంపే పాత సరఫరాదారు ఒకాయన ఫోన్ చేసి తన బిల్లుల డబ్బు ఇంకా రాలేదన్నాడు. తీరా చూస్తే డబ్బు వెళ్లింది, కానీ ఆయనకి కాదు. ఎవరో ఆయన బ్యాంకు నంబరు మార్చి, డబ్బు పంపి, మళ్లీ పాత నంబరు పెట్టేశారు. ఒకసారి కాదు, పలుమార్లు. మార్చినచోట గెర్లిండ పేరు, పంపినచోట గెర్లిండ పేరు, సర్దినచోట గెర్లిండ పేరు. అన్నీ ఆవిడ ఆఫీసులో ఉన్న రోజులే.

ష్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన ఆడిటర్ మర్యాదస్తుడు. కాఫీ తెప్పించి మరీ అడిగాడు.

"ఈ మూడు పనులూ చేయగలిగినవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారు, ఫ్రౌ క్లింక్?"

ఇన్నేళ్లూ ఎవరడిగినా గెర్లిండ తలెత్తుకుని చెప్పిన జవాబే అది: ఎవరూ లేరు. చివరికి చీటీ సంగతి చెప్పింది. మార్గిట్‌ని పిలిచారు. గెర్లిండ తిరిగొచ్చిన రోజే చీటీ చింపేశానని మార్గిట్ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. నిజమో అబద్ధమో దేవుడికెరుక. ఆ చీటీ ఎన్నాళ్లు సొరుగులో పడుందో, ఆ సొరుగు ఇంకెవరు తీశారో! సగం రొట్టె పెట్టిన మనిషిని దొంగ అనడానికి గెర్లిండకి మనసొప్పలేదు. అనకపోతే దొంగ తనే అవుతుంది. ఆశ అంతా వీబ్కె మీద పెట్టుకుంది. వీబ్కె ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఈవిడ చేసిందని చెప్పలేను. చేయలేదనీ చెప్పలేను. కంప్యూటర్‌కి పేరే తెలుసు, వెనక కూర్చున్న మనిషి తెలియదు."

అప్పుడు గెర్లిండ తనంతట తనే వెళ్లి ఆ పుస్తకం అడిగింది. వీబ్కె ఒక్క మాట ఎత్తిపొడవకుండా ఇచ్చింది. ఆదివారం పొయ్యి మీద పప్పు పడేసి వంటింట్లో కూర్చుని చదివింది. అంతా ఉంది అందులో. పాస్‌వర్డ్ చేతులు మారకూడదని ఉంది. బదులు చూసే మనిషికి ఆ నాలుగు రోజులకీ విడిగా అధికారం ఇవ్వాలని ఉంది. అధికారాలు కత్తిరించేది ఉద్యోగి మీద అపనమ్మకంతో కాదనీ, తప్పు జరిగిన రోజున ఏ పాపం ఎరగనివాళ్లు విడిగా కనపడాలనీ ఉంది. ఆ వాక్యం మళ్లీ చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పప్పు మాడిపోయింది. తన కోసం బల్ల గుద్దిన యోర్గ్ తనని నిలువునా ముంచాడు. తన మేలు కోరింది ఒక్క తియ్యని మాటైనా లేని ఈ పొడి పుస్తకం. కోరి ఏం లాభం, తెరిచి చూస్తేగా!

పోలీసు కేసు పెట్టారు గానీ, చివరికి కొట్టేశారు. ఆధారాలు చాలవన్నారు, నిర్దోషి అనలేదు. కంపెనీ గొడవ లేకుండా ముందస్తు పెన్షన్ ఇచ్చి పంపింది. వీడ్కోలు కేకు కోయలేదు, పూలు ఇవ్వలేదు. యోర్గ్ ఇప్పుడు నోరెత్తకుండా వీబ్కె కాగితం మీద సంతకం పెట్టాడు. గెర్లిండ వెళ్లిన వారంలోనే పుస్తకంలో ఉన్నట్టు అధికారాలన్నీ విడగొట్టేశారు. ఇప్పుడు ఏ డబ్బైనా కదలాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

చలికాలంలో ఒక మధ్యాహ్నం మార్గిట్ ప్లమ్ పళ్ల కేకు పట్టుకుని ఇంటికొచ్చింది. కాసేపు వాతావరణం గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టింది.

"నేను నమ్మననుకో. కానీ అందరూ ఒకటే గుసగుస. నువ్వెళ్లాక ఒక్క సెంటు కూడా పోలేదట."

"అది పుస్తకం వల్లే మార్గిట్. ఇప్పుడు ఎవరూ ఒంటరిగా చేయలేరు."

"నేనూ అదే చెప్తున్నా. ఎవరు వింటారే? నువ్వెళ్లావు, ఆగింది. వాళ్లకి అంతే తెలుసు."

గెర్లిండ ఆవిడ కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. తన స్థానంలో ఇంకెవరైనా ఉంటే తనూ అచ్చంగా అలాగే అనుకునేది. ఈ చలికాలమంతా తను రోజూ ఏం కోరుకుంటోందో మార్గిట్‌కి చెప్పాలంటే సిగ్గేసింది. ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ ఫ్యాక్టరీలో దొంగతనం జరగాలని కోరుకుంటోంది. జరిగితే తను ఈ నిందలోంచి బయటపడుతుంది. కానీ ఆ పుస్తకం ఇప్పుడు ఆవిడ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. అందులో ఉన్నట్టే చేస్తే ఇక జరగదని ఆవిడకి బాగా తెలుసు.