కల్లంలో నేను చదవని జవాబు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. పెద్దదేమీ కాదు. రెండు మూడు మాటలు. కానీ అవి నా నోటి నుంచి వచ్చిన రోజు మొదలు నేను ప్రార్థనలో నాకోసం ఏదీ అడగలేదు. మోకరిస్తాను, పక్కవాళ్ళతో పాటు ఆమేన్ అంటాను, లేస్తాను. మా సంఘంలో నన్ను భక్తిపరుడంటారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నా మీద జాలి పడకండి. మనిషన్నాక పొరపాటు చేస్తాడని సర్దిచెప్పకండి. నాది పొరపాటు కాదు. తెలిసి చేశాను. చేసేటప్పుడు నాకు సంతోషంగా కూడా ఉంది, ఆ సంగతి దాచి మిగతాది చెబితే ఇదంతా రాయడం దండగ.

నేను తెలుగు పండితుణ్ణి. రిటైరయ్యాను. చిలకలూరిపేట దగ్గర ఒక ఊరి బయటి పాలెంలో పుట్టాను. మా నాన్న వారమంతా పత్తి చేలల్లో కూలి, ఆదివారం ఉపదేశి. ఊళ్ళో చిన్న పిల్లలు కూడా ఆయన్ని ఏరా అనే పిలిచేవాళ్ళు. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో నిలబడి గ్రంథం తెరిస్తే మాత్రం ఆయన నోటి వెంట చేయుదును, పోవుదును, సెలవిచ్చెను అనే మాటలు వచ్చేవి. అంత పెద్ద మాటలు ఊళ్ళో పెద్దల నోట కూడా వినలేదు నేను. మాకు సగం అర్థమయ్యేవి కావు. అర్థం కాకపోతేనేం? ఆ గంటసేపు మా నాన్నను ఏరా అనగలిగినవాడు లేడు.

తర్వాత గుంటూరులో చదువుకునేటప్పుడు, నేను వ్యాసం చదివితే తోటివాళ్ళు పాదిరి తెలుగు అని నవ్వారు. పళ్ళు బిగించి వ్యాకరణం చదివాను. ఛందస్సు చదివాను. నవ్వినవాళ్ళే వాళ్ళ రాతలు దిద్దమని నా గది తలుపు తట్టేదాకా చదివాను. ఇదంతా ఎందుకు చెబుతున్నాను? నా వైపూ కొంత న్యాయం ఉందని మీతో అనిపించుకోవడానికా? కావచ్చు. ఒప్పుకోడానికి కూర్చున్నవాడు కూడా ముందు తన కుర్చీ సర్దుకుంటాడు కదా. ఆ మేరకు మీరే తగ్గించుకుని చదవండి.

బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో సువార్తల్ని వాడుక తెలుగులోకి తెచ్చే పని మొదలైంది. ఆ పని చేసేది సలోమి. మా పాలెం పిల్లే. హైస్కూల్లో నా దగ్గర తెలుగు చదువుకుని, తర్వాత ఎక్కడెక్కడో చదివి, గ్రీకు కూడా నేర్చుకుని వచ్చింది. ఆమె రాసినదాని భాష చూడటానికి నన్ను పెట్టారు. పెట్టమని, ఆ పని చూసే సంఘ పెద్దల కమిటీని అడిగింది ఆమేనట. మాస్టారు చూడందే ఒక్క పేజీ కూడా బయటికి పంపనందట.

నాకు ఆమె తెలుగు మొదటి పేజీ నుంచే నచ్చలేదు. సెలవిచ్చెను పోయి అన్నాడు వచ్చింది. రొట్టె పోయి అన్నం వచ్చింది. ప్రభువు మిరప చేనులో మేస్త్రీలా మాట్లాడుతున్నాడు. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన నా మాట రాసేవాణ్ణి. ఆమె మర్యాదగా నవ్వి మళ్ళీ తన మాటే రాసేది. ఆ నవ్వు నాకు కంట్లో కారం పడ్డట్టుండేది. లోకమంతా మనవాళ్ళతో కూలి భాషలోనే మాట్లాడుతుంది, దేవుణ్ణయినా పెద్ద భాషలో మాట్లాడనివ్వమని ఒకరోజు గట్టిగానే అన్నాను. అర్థం కాని గౌరవాన్ని ఏం చేసుకుంటాం మాస్టారూ అంది. చదువుకుని వచ్చి, మా నాన్న ఒంటి మీది తెల్ల చొక్కా విప్పేస్తోందనిపించింది. అప్పటి నుంచి ఆమెను నేను ద్వేషించాను. మెత్తటి మాట వెతకను, ద్వేషించాను.

చివరికి మా తగువంతా ఒక్క కథ దగ్గరికి వచ్చి ఆగింది. మీలో కొందరికి తెలిసిన కథే. పరజాతి స్త్రీ ఒకామె, కూతురికి దయ్యం పట్టి బాధపడుతోందని యేసు వెంటపడి బతిమాలుతుంది. ఆయన ముందు పలకడు. తర్వాత, పిల్లల తిండి కుక్కపిల్లలకు వేయడం బాగుండదంటాడు. ఆమె కదలదు. నిజమేనయ్యా, కిందపడ్డ మెతుకులు కుక్కలైనా తింటాయి కదయ్యా అంటుంది. ఆయన ఆమె నమ్మకాన్ని మెచ్చుకుంటాడు. కూతురు బాగుపడుతుంది. మాటకు మాట చెప్పి, ఆయన మాటతోనే ఆయన్ని పట్టుకుని, ఆ తల్లి తన బిడ్డను దక్కించుకుంటుంది.

పాత భాషలో ఆ కథ మా పాలెంలో తరతరాలుగా విన్నాం. ఎవరికీ చురుక్కుమన్నది లేదు. సలోమి రాసింది చదివితే నాకే చెంప చెళ్ళుమంది. కుక్క అన్న మాట మాకు పుస్తకాల్లో నేర్చుకోవలసిన మాట కాదు. మార్చమన్నాను. ఆమె మార్చనంది. ఆ మాట తగలకపోతే తల్లి జవాబుకు బలమెక్కడిదంది. కమిటీవాళ్ళు ఇద్దరి మాటా విని, జనానికి చదివి చూడండి, వాళ్ళు ఎలా తీసుకుంటే అలాగే అచ్చు వేద్దామన్నారు. అంటే ఆ ఒక్క కథ మీద ఆమె పుస్తకమంతా నిలబడాలి, లేదా పడిపోవాలి.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. చర్చి మొహం చూడని, కథ ముందు తెలియని మనుషుల దగ్గరికి వెళ్ళి చదివి వినిపించాలి. మధ్యలో ఆపకూడదు. వివరించకూడదు. బాగుందా అని అడగకూడదు. చివరిదాకా చదివి, ఇప్పుడు మీరు చెప్పండని ఆ కథను వాళ్ళ నోట చెప్పించుకుని ఫోనులో రికార్డు చేయాలి. రాసిన మనిషి అక్కడ ఉండకూడదు. ఉంటే తనకు తెలియకుండానే కళ్ళతో జవాబు అందిస్తుంది. అందుకని సలోమి రాలేదు. నేను వెళ్ళాను. మాస్టారు వెళుతున్నారంటే నాకు బెంగ లేదని ఆమె అందరి ముందూ అంది.

మిరపకాయల కాలం. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. మార్కాపురం వైపు నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు చుట్టుకుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నారు. పక్కనే టార్పాలిన్ పట్టాలతో వేసుకున్న వాళ్ళ గుడారాలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పట్టా నీడలో కూర్చోబెట్టాను. అంకమ్మ అనే ఆమె అందరికంటే ముందు కూర్చుంది. ఆమె కూతురికి మూర్ఛలొస్తాయని, పొద్దున కూడా వస్తే గుడారంలో పడుకోబెట్టి పనిలోకి వచ్చిందని పక్కామె చెప్పింది. నేను కాగితం తీయక ముందే చెప్పింది.

ఫోను నా జేబులోనే ఉంది. బయటికి తీయలేదు. మరి ముందే అనుకుని వెళ్ళానా? ఏళ్ళ తరబడి లేదనే చెప్పుకున్నాను. అప్పటికప్పుడు బుద్ధి గడ్డి తిన్నదని చెప్పుకున్నాను. జేబులో ఫోను సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాట నిలవదు.

చదివాను. తల్లి వెంటపడి ఏడుస్తుంటే ఆయన పలకలేదన్న చోట అంకమ్మ ముక్కు మీది కొంగు తీసేసి ముందుకు జరిగింది. తర్వాత ఆ వాక్యం చదివాను. అన్నం, పిల్లలు, కుక్కపిల్లలు. ఆ వెంటనే అందరూ ఒక్కసారే లేచారు నా మీదికి. బిడ్డకు బాగాలేదని వస్తే అంత మాటంటాడా అని ఒకామె, పెద్దోళ్ళంతా ఒకటేలే అని ఇంకొకామె. ఒక ముసలామె ఉమ్మేసింది.

ఇంతకంటే ఏ కథైనా ఎవరికైనా ఎలా అర్థమవుతుంది? ఆ కోపమే పరీక్ష నెగ్గినట్టు గుర్తు. అది నాకు అక్కడే తెలిసింది. మేం తరాలుగా తలలూపుతూ విన్నది వాళ్ళకు ఒక్కసారికే తగిలింది. మిగతా నాలుగు వాక్యాలు చదివితే చాలు, సలోమి గెలిచినట్టే. ఆ నాలుగు వాక్యాలు నా బొటనవేలి కింద ఉన్నాయి. నేను కాగితం మడిచాను.

"మరి ఆయమ్మ ఏమంది సారూ?" అని అంకమ్మ అడిగింది.

"ఏమీ అనలేదమ్మా."

"ఏమీ అనకుండానే పోయిందా?"

"అంతే. అక్కడితో అయిపోయింది."

"మరి బిడ్డ?"

నేను మడిచిన కాగితం జేబులో పెట్టుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"మమ్మల్ని కుక్కలనేవోళ్ళు మా ఊళ్ళోనే ఉండారు. దేవుడు గూడా అట్టనే అన్నాడని చెప్పేదానికి ఈ ఎండలో పనిగట్టుకుని వచ్చినావా సారూ?" అంది.

కొంగు మళ్ళీ ముక్కుకు చుట్టుకుని లేచి, ముందు గుడారంలోకి తొంగిచూసి, కల్లంలోకి వెళ్ళిపోయింది. బస్సులో తిరిగి వస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. ఆ నవ్వు గురించి తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది, కానీ కొట్టుకోను, అదీ ఒక వేషమే అవుతుంది.

కమిటీకి నేను మొదట చెప్పిన ప్రతి ముక్కా నిజం. విన్నవాళ్ళు కోపగించారన్నాను. ఒకామె ఉమ్మేసిందన్నాను. ఒక తల్లి లేచి వెళ్ళిపోయిందన్నాను. రికార్డు చేయలేదని కూడా చెప్పాను, అంత గొడవలో ఎలా చేస్తారని వాళ్ళే సర్దుకున్నారు. సలోమి మొహం పాలిపోయింది. అయినా ఒక ప్రశ్న అడిగింది, సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే. తల్లి జవాబు విన్నాక కూడా వెళ్ళిపోయిందా మాస్టారూ అంది. విన్నాకే వెళ్ళిందన్నాను. నా కళ్ళలోకి చూసి నమ్మింది. నేనామెకు తెలుగు చెప్పినవాణ్ణి. నమ్మక ఏం చేస్తుంది?

ఆమె వాదించి ఉంటే బాగుండేది. వాదించలేదు. తన చేత్తోనే ఆ కథ తిరగరాసింది. అది రాశాక మిగతా పుస్తకం కూడా నాకే అప్పగించి, మీ చెవి జనానికి దగ్గర, నాది కాదని తేలిపోయింది మాస్టారూ అంది. జనానికి దగ్గరట, నా చెవి. పుస్తకమంతా నా తెలుగులోకి లాక్కున్నాను. ఆవిష్కరణ నాడు నాకు శాలువా కప్పారు. సలోమి వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆమె ఏదీ అనువదించలేదు. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతోంది. నేను రోడ్డు మీద కనిపిస్తే స్కూటీ ఆపి, బాగున్నారా మాస్టారూ అని అడుగుతుంది. బాగున్నానమ్మా అంటాను.

ఆమెకు ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. సిగ్గు, భయం, వయసు, ఏదైనా అనుకోండి. అసలు కారణం ఇంకా చెడ్డది. ఇప్పటికీ నాకు ఆమె తెలుగు నచ్చదు. దేవుడు ఆ భాషలో మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క విషయంలో ఆమెతో ఈ రోజుకీ పోట్లాడగలను, పోట్లాడే హక్కు నాకుంది. తెల్ల చొక్కా గురించి నేనన్నది అబద్ధం కాదు. కానీ ఆ పోట్లాట నేను పోట్లాడలేదే. మూర్ఛల బిడ్డను గుడారంలో పడుకోబెట్టి వచ్చిన ఒక ఆడమనిషిని అడ్డం పెట్టుకుని గెలిచాను.

మొన్న ఆదివారం చర్చిలో ఆ కథ చదవాల్సి వచ్చింది. పెద్దవాణ్ణని నన్నే చదవమన్నారు. నా పుస్తకంలోంచే, నా తెలుగులోనే చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చాక తలెత్తి చూశాను. ఒకామె పిల్లాడి చొక్కా గుండీ పెడుతోంది. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరికీ కోపం రాలేదు. తల్లి జవాబు కూడా చదివాను. అదీ ఎవరికీ తగల్లేదు. ఆమేన్ అన్నారు. నేను కోరుకున్నది అదేగా? చక్కగా, గంభీరంగా, ఎవరినీ ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి అన్నం తినకుండా ఇది రాయడానికి కూర్చున్నాను.

అంకమ్మ ఏ ఊరిదో తెలియదు. ఆ బిడ్డ ఉందో లేదో తెలియదు. మిరపకాయల పని అయ్యాక ఒకసారి ఆ కల్లానికి వెళ్ళాను. పట్టాలు తీసేశారు. ఆమె ఇది చదవదు, చదవడం రాదని ఆ రోజే చెప్పింది. దొరికినా నా మాట ఎందుకు నమ్మాలి? ఆమె నన్ను క్షమించాలని అడగను. మీరు క్షమించినా నాకు పనికిరాదు.

నేను ఆమెకు అబద్ధం చెప్పాను. కథ అక్కడితో అయిపోలేదు. ఆ తల్లి ఊరుకోలేదు, జవాబు చెప్పింది, ఆయన ఒప్పుకున్నాడు. ఆమె ఇంటికి వెళ్ళేసరికి బిడ్డ మంచం మీద నెమ్మదిగా పడుకుని ఉంది.