ముప్పై మందికి ఒకే సూది

కరోనా తగ్గిన మరుసటి ఏడు చలికాలంలో ఒక సినిమాకు కాస్ట్యూమ్ ఇన్‌ఛార్జిగా బోథ్ అనే ఊరికి వెళ్లాను. మోకాళ్లు మొరాయించి పని మానేయక ముందు చేసిన చివరి పెద్ద సినిమా అదే. డెబ్బై ఒకటి యుద్ధంలో పట్టుబడి, ఏడాది పాటు శత్రుదేశపు క్యాంపులో ఉండి వచ్చిన పెద్దపల్లి వైపు జవాను కథ. ఆయన పేరు లింగయ్య. ఇప్పటికీ ఉన్నారు. సినిమాలోనూ ఆ పేరే పెట్టారు. మూతబడ్డ పత్తి మిల్లులో క్యాంపు సెట్ వేశారు.

మా శాఖలో డిజైనర్ పై మెట్టు. హైదరాబాదులో కూర్చుని బొమ్మ గీస్తారు. దాన్ని బట్టగా మార్చి, ఏ సీనుకు ఏ అంగీయో చీటీ కట్టి, నటుడి ఒంటి మీదికి ఎక్కించే దాకా బాధ్యత ఇన్‌ఛార్జిది. పేరు వాళ్లకు, తిట్లు మాకు. ఆ సినిమాకు నలభై ఖైదీ అంగీలు కావాలి. కొత్త బట్టను పాతబరచడాన్ని మేం ఏజింగ్ అంటాం. టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఎర్రమట్టి పులిమి, కాలరూ మోచేతులూ గరుకు కాగితంతో రుద్ది, ఆపైన బ్లేడుతో చింపాలి. చింపడం అందరికీ రాదు. నాకు వచ్చు. పన్నెండు రోజులు చింపాను.

షూటింగ్‌కు ముందు రోజు పొద్దున లింగయ్య గారు, భార్య రాజవ్వతో కలిసి సెట్ చూడటానికి వచ్చారు. హీరో వేసుకోవలసిన అంగీని భుజాల దగ్గర పట్టి వెలుగుకు ఎత్తారు.

"ఎవలు చింపిన్రు గిది?"

"నేనే పెదబాపూ," అన్నాను, మెచ్చుకుంటారనుకుని.

"నీకు సూది దొర్కలేదా బిడ్డా?"

నేను ఊరుకునే మనిషిని కాను. ఏడాది ఖైదులో ఉన్నవాడి అంగీ పెళ్లికొడుకు అంగీలా ఉంటుందా అని అడిగాను. అప్పుడు చెప్పారు. బ్యారక్‌లో ముప్పై మందికి కలిపి ఒకే సూది ఇచ్చారట. కంబళి అంచు నుంచి దారం లాగి, వంతుల ప్రకారం ఎవరి చిరుగు వాళ్లు కుట్టుకునేవారట. ఉతికి ఆరేసిన అంగీని మడిచి ఒంటి కింద వేసుకుని పడుకుంటే అదే ఇస్త్రీ. పొద్దున గింతీకి, అంటే తలల లెక్కకు, మడత చెడకుండా నిలబడేవారట. ఆ సూదికి కాపలాదారు ఈయనే.

"గా క్యాంపు సుబేదారు ఆని సిపాయిలనే తిట్టేటోడు, ఖైదీలను సూసి నేర్చుకోండ్రని," అని నవ్వారు. అంతలోనే నవ్వు మాయమైంది. "గీ పేలికలేసుకున్నోడు నేను గాదు. నా పేరు తీసెయ్యిండ్రి. పట్టువడ్డనన్న సిగ్గుకు యాభై ఏండ్లు ఊర్ల నోరు ఇప్పలే. గిప్పుడు బిచ్చపోన్ని జేసి సూపెడితే మనుమలకు ఏం జెప్పుకోవాలె?"

అయినా వాదించాను. కెమెరాకు చిరుగు కావాలన్నాను, జనానికి బాధ తెలియాలన్నాను. రాజవ్వకు ఓపిక అయిపోయింది.

"జర ఆగు పిల్లా. గుండీ ఊడిన అంగి దొడిగి ఈయన బువ్వ కాడ కూసోడు. నేను నలభై అయిదేండ్ల సంది సూస్తున్న. నువ్వు పొద్దుగాల్ల సంది సూస్తున్నవ్."

ఆ అంగీని తీసుకుని దర్శకుడి దగ్గరికి బయల్దేరాను.

ఇన్‌ఛార్జి దర్శకుడి దగ్గరికి నేరుగా పోకూడదు. ముందు డిజైనర్, తర్వాత కో-డైరెక్టర్. నేను నేరుగానే పోయాను.

"చిరుగు లేకపోతే జనం ఏడవరమ్మా," అన్నాడు దర్శకుడు.

"ఏడ్వకుంటే ఏడ్వకపాయె సార్. గాయన కథ తీస్కొని గాయననే పోగొట్టుకుంటరా?"

సాయంత్రంలోగా నలభై అంగీలూ కుట్టి చూపించమన్నాడు. కుదరకపోతే సినిమాలో జవాను పేరు మార్చేస్తానన్నాడు.

మా దర్జీ మిషన్ మీద కూర్చున్నాడు. మొదటి అంగీకే లింగయ్య గారు అడ్డుపడ్డారు. "గింత సక్కగ ఎవడు కుడ్తడు? ఒక్కొక్కని చెయ్యి ఒక్కో తీరు." నిజమే. నలభై అంగీల మీద ఒకే చేతి కుట్టు ఉంటే తెర మీద దొరికిపోతాం. అందుకని ఖైదీల వేషానికి వచ్చిన చుట్టుపక్కల పత్తి రైతులను వరుసగా కూర్చోబెట్టి, ఎవరి అంగీ వాళ్లకే ఇచ్చాం. లింగయ్య గారు వరుసల మధ్య తిరుగుతూ మళ్లీ ఆ సూది కాపలాదారైపోయారు. "పత్తి పండిస్తవ్, దారం ఎక్కియ్యరాదా?" అని ఒకరిని దులిపారు. హీరో కూడా వరుసలో కూర్చుని మహా శ్రద్ధగా కాలరు దగ్గర ముందు వెనుకలు కలిపి కుట్టేశాడు.

"గిట్ల కుడితే తలకాయ యాడికెళ్లి పెడ్తవ్ బిడ్డా?" అంది రాజవ్వ. మిల్లంతా నవ్వులే.

దర్శకుడు వచ్చి వరుసలన్నీ తిరిగి చూశాడు. మర్నాటి మొదటి సీను కొట్టేసి, ఖైదీలు వంతులు వేసుకుని కుట్టుకునే సీను రాసుకున్నాడు. లింగయ్య గారు హీరో అంగీ కుట్లు విప్పి, తానే సరిచేసి, మడిచి నా చేతిలో పెట్టారు.

"ఇగ పెట్టుకోండ్రి నా పేరు."

డిజైనర్ ఫోన్ చేసి, తనకు చెప్పకుండా పోయినందుకు తిట్టారు. అది న్యాయమే. నేనూ తిరిగి తిట్టాను, అది అలవాటు. బట్టను పాతబరచడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అంతకంటే ముందు, దాన్ని వేసుకున్న మనిషి దాన్ని ఎలా చూసుకున్నాడో అడగాలి. ఆ మనిషి పెద్దపల్లిలోనే ఉండగా నేను పన్నెండు రోజులు బ్లేడు పట్టుకు కూర్చున్నాను. అది నా తప్పు.