మొగోళ్ల సైకిల్

తొంభైల మొదట్లో నేను ఎల్లారెడ్డి దగ్గర ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసేదాన్ని. నాకు అప్పగించిన ఊళ్లన్నింటిలోకి దూరమైనది అడవి అంచున ఉన్న తండా. బస్సు రోడ్డు దాటాక కొంత మొరం బాట, తర్వాత రాళ్ల గుట్ట ఎక్కి దిగే దారి, ఆపైన వాగు. పిల్లల టీకాలను ఐసు పెట్టిన డబ్బాలో తీసుకుపోవాలి. ఎండాకాలం నడిచిపోతే చేరేసరికి ఐసు కరిగిపోయేది. కరిగిన డబ్బాలోని మందు వెయ్యకూడదు. కూలి పని మానుకుని, చంకన పిల్లల్ని వేసుకుని కూర్చున్న తల్లులకు ‘ఇవాళ లేదు, మళ్లీ రండి’ అని చెప్పాల్సింది నేనే.

నాకొక లేడీస్ సైకిల్ ఉండేది. సన్న టైర్లు, ముందు బుట్ట. బజారుకు పోయి కూరగాయలు తెచ్చుకోవడానికి సరిపోతుంది. తండా బాటలో మాత్రం తుమ్మముండ్లు దిగి ఎప్పుడూ పంక్చరే. ఒకరోజు గుట్ట దిగుతుంటే బ్రేకు పట్టలేదు. డబ్బాతో సహా పొదలో పడ్డాను. మోచేయి చెక్కుకుపోయింది.

కట్టు కట్టుకున్న చేత్తోనే మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. “మగ సిబ్బందికి మోపెడ్ ఇచ్చిండ్రు కద సార్, నాకు గూడ ఏదన్న ఇప్పియ్యుండ్రి” అన్నాను.

ఆయన నవ్వాడు. “నీకెందుకమ్మా గంత తిప్పలు? తండోళ్లనే ఈడికి రమ్మను.”

ఆ మోపెడ్ ఏనాడూ తండా బాట తొక్కలేదు. ఎప్పుడు చూసినా బస్టాండు దగ్గరి హోటల్ ముందే నీడన నిలబడి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఇక వీళ్లను అడిగేది లేదు, నేనే కొనుక్కుంటాననుకున్నాను. లావు టైర్లు, తిన్నటి హ్యాండిల్ ఉన్న కొండసైకిళ్లు కామారెడ్డికి కొత్తగా వచ్చాయని విన్నాను. మా అన్న అక్కడే ఉండేవాడు. ఒక ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని బజార్లోని పెద్ద దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు లేచి అన్నకు కుర్చీ వేశాడు. “చెప్పుండ్రి సార్, ఎవలికి? పిల్లగానికా?”

“నాకు” అన్నాను.

ఆయన అన్న వైపే చూస్తూ, “అట్లయితే ఈ గులాబీ రంగుది చూడుండ్రి సార్. ముందల బుట్ట వస్తది. చెల్లెకు ముద్దుగుంటది” అన్నాడు.

“బుట్టది నాకున్నది. గా లావు టైర్లది చూపియ్యుండ్రి. మరీ అగ్గువది వద్దు, మరీ పిరం గూడ వద్దు, నడిమి రకం కావాలె.”

“సార్, గది మొగోళ్ల సైకిల్. నడుమ బార్ ఉంటది. చీర కట్టినోళ్లు ఎట్ల ఎక్కుతరు?” ఇది కూడా అన్నకే చెప్పాడు.

నిజానికి నేను చీరలో లేను. వదిన చెల్లెలి పంజాబీ డ్రెస్ అడిగి మరీ వేసుకుని వచ్చాను. నన్ను ఒక్కసారి చూసి ఉంటే ఆయనకు ఆ సంగతి తెలిసేది.

“అడుగుతున్నది నేను, తొక్కేది నేను. నా మొఖం చూసి చెప్పుండ్రి” అన్నాను. “ఒక చక్కర్ కొట్టి చూస్త.”

“వద్దమ్మా. బజార్ల ఆడోళ్లు గిది తొక్కితే జనం నవ్వుతరు. మా దుకాణం ఇజ్జత్ పోతది.”

అప్పుడే ఒక కాలేజీ కుర్రాడు వచ్చి, ఎవర్నీ అడగకుండా నేను చూస్తున్న సైకిలే తీసుకుని రోడ్డెక్కాడు. దుకాణదారు వాడి వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు.

బయటికి వచ్చాక అన్న మెల్లగా, “ఇంటికి పోయి నిమ్మలంగ సోంచాయిద్దాం చెల్లె, తొందరేమున్నది?” అన్నాడు.

“నేను గుట్ట మీద పడ్డనాడే సోంచాయించిన అన్నా. నువ్వు వస్తవా, నన్నొక్కదాన్నే పొమ్మంటవా?”

అన్న నా వెంట నడిచాడు.

రైల్వే గేటు వైపు ఇంకొక చిన్న దుకాణం ఉంది. నెరిసిన గడ్డం పెద్దాయన నన్ను చూసి ముందు ఆశ్చర్యపోయాడు కానీ, “ఏ బాట మీద తొక్కుతవ్ బేటీ?” అని నన్నే అడిగాడు. మొరం, గుట్ట, వాగు, డబ్బా అన్నీ చెప్పాను. ఆయన మూడు సైకిళ్లు బయట పెట్టించాడు. అగ్గువదానికి టైర్లు తప్ప మిగతాదంతా పాత సైకిలే, పైన కొత్త రంగు. పిరమైనదానికి ముందు స్ప్రింగులు, ముందూ వెనకా గేర్లు. నడిమి రకానికి స్ప్రింగులు లేవు, గేర్లు వెనక చక్రానికే.

“స్ప్రింగులది తీస్కో బేటీ. రాళ్ల మీద అల్కగ పోతది.”

“వాగుల నీళ్లుంటే భుజం మీద మొయ్యాలె చాచా. ఎత్తి చూస్త” అన్నాను.

ఒక్కొక్కటే భుజానికెత్తుకుని దుకాణం ముందు అటూ ఇటూ నడిచాను. స్ప్రింగులది అన్నింటికన్నా బరువు. దారినపోయేవాళ్లు ఆగారు. “పహిల్వాన్ అమ్మ వచ్చింది రో!” అని ఎవరో అరిచారు. నవ్వులు. నా చెవులు వేడెక్కాయి. అయినా సైకిల్ దించలేదు. అన్న అప్పుడు వాళ్ల వైపు తిరిగి, “మా చెల్లె సైకిల్ కొంటుంటే మీకేంది నొప్పి?” అని గద్దించాడు. ఆ రోజు అన్న పెద్ద గొంతుతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

నడిమి రకాన్ని రైల్వే గేటు దాకా తొక్కాను. బ్రేకు వేసిన చోటే ఆగింది. అదే కొన్నాను. వెనక క్యారియర్ లేదు, ఇలాంటి సైకిళ్లకు రాదట. చాచా పక్కనున్న వెల్డింగ్ షాపులో ఇనుప చువ్వలతో చేయించి ఇచ్చాడు. డబ్బా దాని మీద కదలకుండా కూర్చుంది.

కొత్తగా కుట్టించుకున్న పంజాబీ డ్రెస్‌లో మొదటిసారి తండాకు చేరి మూత తీస్తే ఐసు గట్టిగా ఉంది. ఆ రోజు వచ్చిన పిల్లలందరికీ టీకాలు వేశాను. ఒక్క తల్లిని కూడా తిప్పి పంపలేదు.

కొన్నాళ్లకే అధికారి పిలిపించి అందరి ముందు నిలబెట్టాడు. “డ్యూటీకి తెల్లచీర కట్టుకొని రావాలె. మొగోని సైకిల్ మీద తిరుగుడు ఏంది? ఊర్లకెల్లి ఫిర్యాదు వచ్చింది.”

“ఏ ఊరు సార్? తండానా?”

“గదంత నీకెందుకు?”

“రేపు మీరు మోపెడ్ మీద రాండ్రి సార్. నేను సైకిల్ మీద వస్త. తండాకు పోయినంక ఎవలి డబ్బల ఐసు ఉంటదో చూద్దాం.”

గదిలో ఎవరో దగ్గారు. ఆయన ముఖం ఎర్రబడింది. మర్నాడు ఆయన రాలేదు, చీర కట్టాల్సిందేనని కబురు మాత్రం వచ్చింది. దాంతో తెల్లచీర సంచిలో పెట్టుకుపోయేదాన్ని. తండాలో ఒక ముసలి అవ్వ ఇంట్లో డ్రెస్ మీదే చుట్టుకుని, టీకాలు వేసి, మళ్లీ విప్పి మడతపెట్టేదాన్ని. ఆ తిప్పలన్నీ చూసి అవ్వ ఒకరోజు అడిగింది.

“గిదంత ఎవలి కోసం బిడ్డా?”

“సర్కారు కోసం అవ్వా.”

“సర్కారు ఎన్నడన్న ఈడికి వచ్చిందా?”

తిరిగి వస్తూ దారి పొడుగునా ఎవరెవర్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. ఆ తర్వాత నుంచి చీర ఇంట్లోనే వదిలి వెళ్లేదాన్ని. ఎందుకు కట్టుకోలేదని ఎవరూ అడగలేదు. అడగడానికి అంత దూరం ఎవరూ రాలేదు.