గాబ్రియేలు నోట్లో మామిడి బీరు

మా ఎదురింటి గాబ్రియేలు పని నుంచి రాగానే గడప ముందు ఆగుతాడు. చెప్పులు విడుస్తాడు. లోపలి నుంచి భార్య రాహేలమ్మ వచ్చి “ఊదు” అంటుంది. ఆయన నోరు తెరిచి ఆమె ముఖం మీదికి ఊపిరి వదులుతాడు. ఆమె కళ్లు మూసుకుని వాసన చూసి, పక్కకు జరుగుతుంది. అప్పుడే ఆయన లోపలికి పోవాలి. కర్నూలు కల్లూరులో మా వీధికి కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు ఇది చూసి నవ్వుకుంటారు. నా కుట్టుమిషన్ సరిగ్గా వాళ్ల గడపకు ఎదురుగా ఉంటుంది కాబట్టి నవ్వేవాళ్లెవరో నాకు తెలుస్తుంది. వాళ్ల జాకెట్లు వారం ఆలస్యంగా కుడతాను.

గాబ్రియేలు వంట మాస్టరు. ఆలూరు దగ్గర పల్లెలో చేలో కూలికి పోయే కుటుంబం. చర్చి పండుగల్లో పెద్ద గుండిగల దగ్గర తాత పక్కన నిలబడి వంట నేర్చాడు. పెళ్లిళ్లకు వండుతూ కర్నూలు చేరాడు, తాగుడూ అక్కడే నేర్చాడు. తాగినప్పుడు ఆయనంత ధైర్యవంతుడు ఈ వీధిలో ఉండేవాడు కాదు. బండి మీద రెండు చేతులూ వదిలేసి పోయేవాడు. ఒకసారి నీళ్ల ట్యాంకు ఎక్కి, అంచున నిలబడి, క్రిస్మస్ పాటలన్నీ వరసగా పాడాడు. కింద మేమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే పైనుంచి “భయమెందుకు, భయమెందుకు” అని నవ్వాడు.

ఆ భయం లేకపోవడమే ఒక మధ్యాహ్నం కొంప ముంచింది. కూతురు స్తుతికి అప్పుడు ఐదేళ్లు. అప్పటికే కొంచెం తాగి ఉన్నవాడు, పిల్లను బడి నుంచి తెస్తూ దారిలో మందుషాపు దగ్గర బండి ఆపి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి “ఇప్పుడే వస్తా” అన్నాడు. మళ్లీ తాగాడు, బండెక్కాడు, పాడుకుంటూ ఒక్కడే ఇల్లు చేరాడు. “పాప యాడప్పా?” అని రాహేలమ్మ అరిస్తే, “యాడుంటాదో ఆడనే ఉంటాదిలే, భయమెందుకు!” అన్నాడు. మేం వీధంతా వెతకడానికి పరిగెత్తాం. పొద్దు గూకే వేళకు ఎవరో షేర్ ఆటో ఆయన పిల్లను తెచ్చి దించాడు. అది ఏడవలేదు. నాయన ఇచ్చిపోయిన హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని అలాగే ఉంది.

మర్నాడు రాహేలమ్మ మొగుణ్ణి చర్చికి లాక్కుపోయింది. పాస్టరు ముందు బైబిలు మీద చెయ్యి పెట్టి, “ఇంకొక్క గుక్క దిగిందంటే నా బిడ్డను తీస్కోని ఆలూరు పోతా. మళ్లీ ఈ మనిషి మొగం చూడను” అని ప్రమాణం చేసింది. అన్నంత పనీ చేసే మనిషి ఆమె. గాబ్రియేలు ఆ రోజు నుంచి మానేశాడు. ఊదడం కూడా ఆ రోజే మొదలైంది. తాగే కాలంలో బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చేవాడు కాబట్టి రాహేలమ్మ ఇంట్లోకి లవంగాలే రానివ్వదు. అంత పెద్ద మాస్టరు, సొంత ఇంట్లో లవంగం లేని బిర్యానీ తింటాడు.

అలాంటివాడు పబ్బులో పనికి ఎందుకు చేరాడని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, కొంచెం గట్టిగానే. పెళ్లి వంటల్లో అయితే పొయ్యి పక్కనే సీసాలు తిరుగుతుంటాయట. పబ్బులో వంటగదికీ తాగేచోటుకీ మధ్య గోడ ఉందట, తలుపు వేరట. బెంగళూరు రోడ్డులో ఆ పబ్బు పెట్టిన రామకృష్ణది బద్వేలు వైపు సేద్యపు కుటుంబం. అక్కడే పెద్ద పెద్ద స్టీలు డ్రమ్ముల్లో బీరు కాస్తారు. చేరేటప్పుడు గాబ్రియేలు “మేం చర్చివాళ్లమన్నా, తాగం” అన్నాడే తప్ప, ఒకప్పుడు ఎంత తాగాడో చెప్పలేదు. చెబితే పిల్లిని పాలకు కాపలా పెట్టుకున్నట్టు అవుతుందని ఎవరైనా భయపడతారు కదా.

ఈ ఏడు ఎండలు మొదలవుతుండగా రామకృష్ణ వేసవి మెనూ అన్నాడు. ఉగ్గాని బజ్జీకి కొర్రల బీరు, చిన్న సంగటి ముద్దకూ నాటుకోడి పులుసుకూ నన్నారి వేరు వేసిన నల్ల బీరు, చింతచిగురు పొట్టేలు మాంసానికి బేనిషా మామిడి రసం కలిపిన బీరు. వంటలన్నీ గాబ్రియేలువే. అందరికీ పెట్టే ముందు రామకృష్ణ ఒక మధ్యాహ్నం స్నేహితులను పిలిచి రుచి చూద్దామన్నాడు. “మాస్టరూ, ఒక్కో కూరకు ఒక్కో గుక్క తాగి నువ్వే చెప్పల్ల, సరిపోయిందా లేదా అని. వండినోని నాలుకకే తెలుస్తాది” అన్నాడు.

గాబ్రియేలుకు గుండె జారింది. కానీ దేవుడే దారి చూపినట్టు శ్రమల దినాలు గుర్తొచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై దినాలు వాళ్లు ఉపవాసం ఉంటారు. ఆ రోజుల్లో కూరలో ఉప్పు కూడా వంటగదిలో పక్కన పనిచేసే నాగక్కే చూసి చెబుతుంది. “ఉపవాసమన్నా, పొద్దు మునిగేదాకా నోట్లో ఏమీ పెట్టను” అన్నాడు.

“అదెంత పనప్పా!” అన్నాడు రామకృష్ణ. ఆయన చదువంతా కర్నూలు పాతబస్తీ ముస్లిం స్నేహితులతో సాగింది. “మా దోస్తులు రోజా ఉంటే వాళ్లు విడిచేదాకా మేం పలావు ముట్టేవాళ్లమే కాదు. నీకోసం ఆగమా? పొద్దు మునిగినాకనే పెట్టుకుందాం. ఖర్జూరాలు కూడా తెప్పిస్తా.”

మా ఉపవాసం వేరన్నా, పొద్దు మునిగినా మందు ముట్టకూడదన్నా, అని ఆ నిమిషమే చెప్పి ఉండాల్సింది. గాబ్రియేలు “సరేనన్నా” అనేశాడు. పగవాడు పెడితే తోసెయ్యొచ్చు, ప్రేమగా పెట్టేవాణ్ణి ఏం చేస్తాం? తన ఉపవాసమే తన మెడకు చుట్టుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికీ భయపడ్డాడు. నాకు తర్వాత చెప్పాడు. విని నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

రుచి చూసే రోజు పొద్దుటి నుంచే ఆయనకు చేతులు నిలవలేదట. ఉల్లిపాయ తరగబోయి వేలు కోసుకున్నాడు. “ఏమప్పా, చలిజ్వరమా?” అని నాగక్క నుదురు తాకి చూసింది. సాయంత్రం దూరంగా మసీదు నుంచి అజాన్ వినబడగానే రామకృష్ణ స్వయంగా ఖర్జూరాల పళ్లెం పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. వెనక ఆయన స్నేహితులు. అందరూ గాబ్రియేలు తినేదాకా ఆగారు. తన కోసం ఇంతమంది ఆకలితో ఆగడం జీవితంలో అదే మొదటిసారట. ఖర్జూరం నమిలి, గింజను గుప్పెట్లోనే పట్టుకున్నాడు.

కొర్రల బీరుకు పిలిస్తే, పులుసు పొంగుతుందని తప్పించుకున్నాడు. నల్ల బీరుకు పిలిస్తే, సంగటి అడుగంటుతుందని పోలేదు. మూడోసారి రామకృష్ణే వచ్చి భుజం మీద చెయ్యి వేసి బల్ల దగ్గరికి నడిపించాడు. చింతచిగురు మాంసం ముందు పెట్టి, మామిడి బీరు గ్లాసు చేతిలో పెట్టాడు.

చేదు వాసన వస్తుందని, దాన్ని అసహ్యించుకోవచ్చని గాబ్రియేలు అనుకున్నాడు. కానీ పండిన బేనిషా వాసన వచ్చింది. “నాకు భయమైంది బీరుకు కాదక్కా, నా నోటికి. నోట్లో నీళ్లూరినాయి. నా నోరు నాకంటే ముందే ఒప్పుకునింది” అన్నాడు నాతో. అందరూ చూస్తున్నారు. గ్లాసు ఎత్తాడు. చల్లగా, తియ్యగా, నోటి నిండా వచ్చింది.

“సరిపోయిందా మాస్టరూ?”

నిండిన నోటితో తల ఊపాడు. ఊపుతూనే వంటగదిలోకి నడిచి తొట్టి ముందు నిలబడ్డాడు. ఉమ్మాలి. అంతే, ఉమ్మాలి. కానీ ఉమ్మలేకపోయాడు. గొంతు మింగుదామంటోంది, నాలుక ఇంకొంచెం ఉండనిమ్మంటోంది. ఏం కాదు, ఒక్క గుక్క, ఎవరికి తెలుస్తుంది, భయమెందుకు అని పాత గొంతొకటి లోపల మాట్లాడింది. ఆ “భయమెందుకు” వినబడగానే ఆయనకు ఒళ్లంతా చల్లబడింది. ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని అరుగు మీద కూర్చున్న పిల్ల కళ్లముందుకొచ్చింది. భళ్లున ఉమ్మేశాడు.

నాగక్క చూసి “అంత పుల్లగుండాదా?” అంది.

నీళ్లతో పుక్కిలించాడు, మళ్లీ పుక్కిలించాడు. వాసన పోలేదు. ఎదురుగా అరలో లవంగాల డబ్బా ఉంది. చెయ్యి దానిమీదికి పోయి ఆగిపోయింది. లవంగం వాసనతో ఇంటికి పోతే రాహేలమ్మకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. లవంగం వేసుకోకపోతే మామిడి బీరు వాసన. ఏ దారిన పోయినా గడప దగ్గరికే పోవాలి. తలనొప్పి అని చెప్పి బయటపడి షేర్ ఆటో ఎక్కాడు. దిగాల్సిన చోట దిగలేక ముందుకు పోయాడు. అక్కడి నుంచి వెనక్కి నడిచి వచ్చాడు.

వీధి దీపం కింద ఆయన్ను చూసినప్పుడు నేను మిషన్ మీద చీరకు ఫాల్ కుడుతున్నాను. నడకలోనే ఏదో తేడా కనిపించింది. చెప్పులు విడవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

రాహేలమ్మ వచ్చి “ఊదు” అంది.

ఊదలేదు.

“ఊదప్పా.”

ఊదాడు. ఆమె కళ్లు ఠక్కున తెరుచుకున్నాయి.

“నోట్లో పోసుకుంటి. మింగలేదు. దేవుని తోడు, ఉమ్మేస్తి” అన్నాడు గాబ్రియేలు.

“అప్పుడూ ఇట్లనే చెప్తాంటివి. మూత తీస్తినంతే, వాసన చూస్తినంతే అని” అంది ఆమె. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది నాకు. లోపలికి పోయి బీరువా మీది సంచి దించింది. బట్టలు కుక్కుతున్న చప్పుడు నాకు వినబడింది. నేను లేచాను కానీ గడప దాటలేదు. మధ్యలో పోయి ఏం చెప్పను? ఆయన మింగలేదని నాకు మాత్రం ఏం తెలుసు? నిజం చెబుతున్నా, ఆ నిమిషంలో నేనూ నమ్మలేదు.

స్తుతి చేతిలో పుస్తకంతో గడప దగ్గరికి వచ్చింది. దానికిప్పుడు పదకొండేళ్లు. నాయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

“మా, నాయన తాగలేదు.”

“నీకేం తెలుసే? లోపలికి పో.”

“తాగితే నాయనకు భయముండదు మా. ఆ పొద్దు నన్ను అరుగు మీద కూర్చోబెట్టినప్పుడు నవ్వినాడు. భయమెందుకే అన్న్యాడు. ఇప్పుడు సూడు, ఎట్లా వణుకుతాండాడో.”

ఆ రోజు గురించి ఆ పిల్ల ఇన్నేళ్లలో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. మర్చిపోయిందనుకున్నాం మేమంతా. గాబ్రియేలు ద్వారబంధం పట్టుకుని ఏడ్చాడు.

రాహేలమ్మ సంచితో వచ్చి ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. సంచిని గడప పక్కన పెట్టింది. “రేపు పొద్దున్నే పబ్బుకు పోయి ఆయప్పకు చెప్పు, నువ్వు ఎట్లాంటోనివో. దాచకుండా చెప్పల్ల. చెప్పి వచ్చినాక ఈ సంగతి మాట్లాడదాం. అంతదాకా సంచి ఈడనే ఉంటాది” అంది. ఆ రాత్రి ఆయనకు అన్నం మాత్రం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే గాబ్రియేలు పబ్బుకు బయల్దేరాడు. పని పోతుందనే అనుకున్నాడు. స్టీలు డ్రమ్ముల పక్కన నిలబడి, నీళ్ల ట్యాంకు ఎక్కిన సంగతి, పిల్లను మరిచిన సంగతి, తొట్టిలో ఉమ్మిన సంగతి అన్నీ చెప్పాడట. రామకృష్ణ ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. “నేనే తెచ్చి నీ చేతిలో పెడ్తినే అప్పా” అని ముఖం తుడుచుకున్నాడు. ఇంకెవరూ మాస్టరుకు గ్లాసు అందించకూడదని ఆ పూటే అందరికీ చెప్పాడు. బీరు రుచి చూసే పని నాగక్కకు అప్పగించారు. ఆమె ప్రతి గ్లాసుకూ “తెలీలేదప్పా, ఇంకొంచెం పొయ్యి” అంటోందట.

సాయంత్రం ఆయన వీధి మలుపు తిరగ్గానే నేను మిషన్ ఆపేశాను. చెప్పులు విడిచి గడప ముందు నిలబడ్డాడు. సంచి అక్కడే ఉంది. రాహేలమ్మ వచ్చింది. గాబ్రియేలు అలవాటుగా నోరు తెరిచాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి ఆయన కళ్లలోకి చూసింది.

“చెప్పినావా?”

“చెప్పినా.”

“ఇంకా భయముండాదా?”

“ఉండాది.”

“అయితే లోపలికి రా” అని, సంచి చేతికి తీసుకుని తానే ముందు లోపలికి నడిచింది.